వైస్రాయి ‘కానీ’ అనబోయే చోటల్లా: గాంధీ 1930 జాబులోని ఒప్పించే పనితనం

1930 మార్చి 2న సబర్మతి సత్యాగ్రహ ఆశ్రమం నుంచి గాంధీ వైస్రాయి లార్డ్ ఇర్విన్‌కు ఒక జాబు రాశారు. తన మాట వైస్రాయి మనసుకు పట్టకపోతే ఆ నెల 11న ఆశ్రమవాసులతో కలిసి ఉప్పు చట్టాన్ని ధిక్కరించడానికి పూనుకుంటానని చెప్పే జాబు అది. దండి నడక గురించి బళ్లో చదువుకున్న చాలామందికి ఇలాంటి జాబు ఒకటి ఉందని తెలుసు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా, వాక్యం వెంట వాక్యం పట్టుకుని చదివినవాళ్లు తక్కువ. ఒప్పించేలా రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకడం కష్టం.

ఈ జాబు బలం ఎక్కడుందని అడిగితే ధైర్యంలో ఉందని కొందరంటారు, సత్యంలో ఉందని కొందరంటారు. రెండూ నిజమే. అయితే ధైర్యంగా, నిజాయితీగా రాసిన ఉత్తరాలు రోజూ ఎన్నో పక్కన పడిపోతుంటాయి. ఈ జాబును నిలబెట్టింది దాని వరుస. చదివే మనిషి ఏ మాట దగ్గర ‘కానీ...’ అని తల ఎత్తుతాడో రాసినాయనకు ముందే తెలుసు. సరిగ్గా ఆ మాట వెనకే దానికి జవాబు ఉంటుంది. ఆ జవాబులోంచి పుట్టే కొత్త ‘కానీ’కి మరో జవాబు సిద్ధంగా ఉంటుంది. జాబులోని మెళకువలన్నీ ఈ ఒక్క పని చుట్టూ అల్లుకున్నవే.

చదివేవాడి ‘కానీ’లు

ఇర్విన్ అప్పుడు ఏ స్థితిలో ఉన్నారో చూడాలి. 1929 అక్టోబరు 31న ఆయన ఒక ప్రకటన చేశారు. భారతదేశ రాజ్యాంగ ప్రగతికి సహజమైన గమ్యం డొమినియన్ ప్రతిపత్తి, అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలో ఉంటూనే స్వపరిపాలన అని, లండన్‌లో ఒక సమావేశం జరుగుతుందని అందులో చెప్పారు. తన వరకు ఓ మెట్టు దిగానన్న భావన ఆయనకు ఉండి ఉంటుంది. డిసెంబరు 23న ఢిల్లీలో గాంధీ తదితరులు ఆయన్ను కలిశారు. ఆ సమావేశం డొమినియన్ ప్రతిపత్తి ఇవ్వడానికేనన్న హామీ వాళ్లకు దొరకలేదు. నెలాఖరుకు లాహోర్ కాంగ్రెస్ సంపూర్ణ స్వరాజ్యం తీర్మానం చేసింది. జనవరి 26న దేశమంతటా స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చదివారు.

అలాంటి వైస్రాయి చేతికి జాబు అందితే ఆయన మనసులో మెదిలే అభ్యంతరాలు ఇవి. ఈ మనిషి తొందరపడుతున్నాడు. ఇంగ్లీషువాళ్లంటే ఇతనికి ద్వేషం. సమావేశం పెడతామన్నాం కదా, ఇంకేం కావాలి? ఉద్యమం మొదలైతే హింస చెలరేగదా? చివరికి, ఇది బెదిరింపు. జాబంతా చదివాక వెనక్కి తిరిగి చూస్తే ఈ ఐదింటిలో జవాబు లేనిది ఒక్కటీ కనబడదు.

ఎవరైనా చేయగల పని ఇది. జాబు మొదలుపెట్టక ముందు ఒక కాగితం తీసుకుని, చదివే మనిషి ‘కుదరదు’ అనడానికి వాడగల కారణాలను ఆయన మాటల్లోనే రాసుకోవాలి. ‘ఆయన మాటల్లోనే’ అన్నది ముఖ్యం. ‘అధికారులకు నిర్లక్ష్యం’ అని రాసుకుంటే అది రాసేవాడి ఫిర్యాదు అవుతుంది. ‘నా దగ్గర సిబ్బంది లేరు’ అని రాసుకుంటే అది చదివేవాడి అభ్యంతరం. మామూలుగా ఇక్కడే తప్పటడుగు పడుతుంది. రాసేవాళ్లు తమ బాధల పట్టీ తయారుచేసుకుని, దాన్నే జాబు అనుకుంటారు. బాధల పట్టీ ఎంత పొడుగైనా చదివేవాడి ‘కానీ’ అలాగే మిగిలిపోతుంది. నాలుగైదు అభ్యంతరాలు దొరికితే చాలు. పది దొరికాయంటే ఒక జాబులో రెండు జాబుల పని పెట్టుకున్నట్టు.

మొదటి పేరా

జాబు ‘ప్రియ మిత్రమా’ అన్న పిలుపుతో మొదలవుతుంది. వైస్రాయికి ఉన్న బిరుదులేవీ అక్కడ లేవు. అర్జీలు పెట్టుకునేవాళ్ల ఒంగిన నడుమూ లేదు, పోట్లాటకు దిగేవాళ్ల బిగిసిన పిడికిలీ లేదు. ఇద్దరు సమానులు మాట్లాడుకుంటున్నారన్న సంగతిని ఆ పిలుపే తేల్చేసింది. సమానత్వం గురించి విడిగా ఒక పేరా రాస్తే వైస్రాయి వాదనకు దిగేవాడు. పిలుపుతో ఎవరూ వాదించరు.

తర్వాత మొదటి వాక్యం. దాని భావం తెలుగులో ఇలా ఉంటుంది: శాసనోల్లంఘనకు దిగి, ఇన్నేళ్లుగా నేను భయపడుతూ వచ్చిన ప్రమాదాన్ని తలకెత్తుకోబోయే ముందు, మిమ్మల్ని సమీపించి ఏదైనా దారి దొరుకుతుందేమో చూడాలనుకుంటున్నాను.

ఈ ఒక్క వాక్యంలో మూడు పనులు జరిగాయి. ఏం చేయబోతున్నారో దాచకుండా చెప్పారు. అది తనకు సరదా కాదని, ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన పని అని చెప్పారు. దాంతో ‘తొందరపడుతున్నాడు’ అన్న ‘కానీ’ అక్కడే ఆగిపోయింది. ఇక మూడోది, చదివే మనిషికి ఒక పాత్ర ఇచ్చారు. దారి వెతకడంలో తోడుగా రమ్మన్నారు. మొదటి వాక్యంలో నేరస్థుడి బోనులో నిలబెడితే ఏ మనిషైనా రెండో వాక్యం నుంచి తన తరఫున వకాల్తా మొదలుపెడతాడు. అప్పటి నుంచి ఆయన చదవడు, తిప్పికొట్టడానికి మాటలు వెతుక్కుంటాడు.

శాపం అన్న మాట

బ్రిటిష్ పాలన ఒక శాపం అని గాంధీ ఈ జాబులో తెగేసి చెప్పారు. వైస్రాయి ముఖం మీద అనదగ్గ మాటల్లో ఇంతకంటే కఠినమైనది వెతకనక్కర్లేదు. అయినా చదివేవాడు కాగితం కింద పెట్టలేడు. ఆ మాటకు అటూ ఇటూ ఉన్న వాక్యాలు అతణ్ని పట్టి ఉంచుతాయి. దానికి ముందు, ఏ ప్రాణినీ తెలిసి తెలిసి బాధించలేనని, సాటి మనుషులు తనకూ తనవాళ్లకూ ఎంత అన్యాయం చేసినా వాళ్లకు కీడు తలపెట్టలేనని చెప్పారు. శాపం అన్న వాక్యంలోనే, ఒక్క ఇంగ్లీషువాడికి గానీ ఈ దేశంలో అతనికున్న న్యాయమైన ప్రయోజనాలకు గానీ హాని చేసే ఉద్దేశం లేదని కలిపారు. ఆ వెంటనే, తనను అపార్థం చేసుకోవద్దని, ఇంగ్లీషువాళ్లు లోకంలో మిగతా జనం కంటే చెడ్డవాళ్లని తాను అనుకోవడం లేదని మరో గడియ బిగించారు.

ఇంకో అడుగు కూడా వేశారు. ఈ పాలన చేస్తున్న చెడును గురించి తాను తెలుసుకున్నదాంట్లో చాలా భాగం, చేదు నిజాన్ని చెప్పడానికి వెనకాడని ఇంగ్లీషువాళ్ల రాతల నుంచే వచ్చిందన్నారు. సాక్షిని అవతలి పక్షం నుంచి తెచ్చుకోవడం అంటే ఇదే. సొంత పక్షం సాక్షులు పదిమంది చెప్పినా ‘వాళ్లలాగే అంటారు’ అని కొట్టేయొచ్చు. అవతలి ఇంటి మనిషి ఒప్పుకున్న మాటను కొట్టేయడం కష్టం. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ సంస్థ తన నోటీసుల్లో, తన నిబంధనల్లో ఏం రాసుకుందో ముందు వెతకమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. అలాంటి ఒక్క వాక్యం దొరికితే సగం పని అయినట్టే.

శాపం అని ఎందుకన్నారో చెప్పే వాక్యాలు నాలుగు. అంతులేని దోపిడీతో, దేశం మోయలేని ఖర్చుతో నడిచే సైనిక, పౌర పాలనతో నోరులేని కోట్లాది జనాన్ని పేదల్ని చేసింది. రాజకీయంగా బానిసల్ని చేసింది. సంస్కృతి పునాదుల్ని తొలిచేసింది. క్రూరమైన నిరాయుధీకరణతో ఆత్మబలాన్ని దిగజార్చింది. మొదట జేబు, తర్వాత హక్కు, తర్వాత సంస్కృతి, చివర ఆత్మ. బయటి నుంచి లోపలికి వెళ్లే ఈ వరుసను తిరగేసి, ఆత్మబలంతో మొదలుపెట్టి ఉంటే ఆ నాలుగూ ఉపన్యాసంలా వినిపించేవి. కొలవగలిగినదాన్ని ముందుంచి, కొలవలేనిదాన్ని చివరికి తేవడం వల్ల చదివేవాడు ఒక్కో మెట్టూ ఒప్పుకుంటూ వస్తాడు. మధ్యలోని రెండు వాక్యాలు మిగతావాటి కంటే బాగా పొట్టివి, ఊపిరి తీసుకునే చోటు అది.

గమనించాల్సింది ఇంకొకటుంది. పాలన మొత్తానికి తగిలించిన ముద్ర ‘శాపం’ అన్న ఒక్క మాట. దుర్మార్గమైన, నీచమైన, రాక్షసమైన అంటూ విశేషణాలు పేరుస్తూ పోతే ప్రతి కొత్త విశేషణమూ ముందుదాని విలువను కొంత తగ్గిస్తుంది. ఒక్క గట్టి మాట వాడి, దాని వెనక నాలుగు కారణాలు పెడితే ఆ మాట అక్కడే పాతుకుపోతుంది.

జీతం లెక్క

జాబులో అన్నింటికంటే ఎక్కువసేపు ఆగి చూడాల్సిన చోటు ఇదే. అంతకు ముందు భూమి శిస్తు, ఉప్పు పన్ను, మద్యం మీద, మత్తుపదార్థాల మీద వచ్చే ఆదాయం, మూలపడ్డ చేతివడుకు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నిజం చెప్పాలంటే జాబు ఇక్కడ కాస్త బరువెక్కుతుంది. ఒక్కో అంశమూ ఒక వ్యాసం అంతటిది, చదివే కళ్లు అలసిపోతాయి. ఈ అన్యాయాలన్నీ ప్రపంచంలోనే అతి ఖరీదైన విదేశీ పాలనను మోయడానికేనని చెప్పి, గాంధీ హఠాత్తుగా ‘మీ జీతమే తీసుకోండి’ అంటారు. అలసిన పాఠకుడు నిటారుగా కూర్చుంటాడు.

లెక్క ఇది. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయల పైచిలుకు, పరోక్షంగా వచ్చేవి దీనికి అదనం. బ్రిటిష్ ప్రధానమంత్రి జీతం ఏడాదికి 5,000 పౌండ్లు, అప్పటి మారకం రేటులో నెలకు 5,400 రూపాయల పైన. వైస్రాయికి రోజుకు 700 రూపాయల పైన వస్తుంటే భారతీయుడి సగటు ఆదాయం రోజుకు రెండణాల లోపు. ప్రధానమంత్రికి రోజుకు 180 రూపాయలు వస్తుంటే బ్రిటన్‌లో సగటు ఆదాయం రోజుకు దాదాపు 2 రూపాయలు. అంటే వైస్రాయి జీతం భారతీయుడి సగటు ఆదాయానికి ఐదు వేల రెట్లకు ఎంతో పైన, ప్రధానమంత్రి జీతం బ్రిటిష్ సగటుకు తొంభై రెట్లు మాత్రమే.

ఈ అంకెలు ఎలా తయారయ్యాయో చూస్తే పనితనం బోధపడుతుంది. ఒక జీతం నెలకు ఉంది, ఇంకోటి ఏడాదికి ఉంది. ఒకటి రూపాయల్లో, ఒకటి పౌండ్లలో ఉంది. అన్నింటినీ ‘రోజుకు ఇన్ని రూపాయలు’ అన్న ఒకే కొలతలోకి తెచ్చారు. 21,000ను 30తో భాగిస్తే 700. రూపాయికి 16 అణాలు కనుక రెండణాలంటే రూపాయిలో ఎనిమిదో వంతు. 700ను ఎనిమిదితో గుణిస్తే 5,600. కాగితం మీద గానీ నోటితో గానీ ఎవరైనా సరిచూసుకోగల లెక్క. సరిచూసుకుంటే గాంధీ తక్కువే చెప్పారని తేలుతుంది, 5,600 వచ్చే చోట ఆయన వాడిన అంకె ఐదు వేలు, ‘ఎంతో పైన’ అని మాత్రం కలిపారు. లెక్క తమవైపు కొంచెం తగ్గించి చెప్పడం చాలా మంచి అలవాటు. సరిచూసిన వ్యక్తికి రాసిన మనిషి మీద నమ్మకం పెరుగుతుంది. ఒక్క అంకె ఎక్కువ చెప్పి దొరికిపోతే మిగతా జాబంతా అనుమానం కిందికి వస్తుంది.

రోజు అన్న కొలతే ఎందుకు? కూలి మనిషి బతుకు రోజుతోనే కొలవబడుతుంది కనుక. రెండణాలు అన్నది ఒక పూట చేతిలో పట్టుకోగల డబ్బు. ఏడాది సగటు ఆదాయం ఇంత అని చెబితే అది గణాంకంగా మిగిలేది.

పోలిక కూడా జాగ్రత్తగా ఎంచుకున్నది. వైస్రాయిని భారతీయ కూలితో మాత్రమే పోల్చి ఊరుకుంటే ‘పెద్ద పదవికి పెద్ద జీతం ఉండదా?’ అన్న ‘కానీ’ పుట్టేది. అందుకే వైస్రాయి కంటే పెద్ద పదవిని, అదీ ఇర్విన్ సొంత దేశంలోని పదవిని పక్కన పెట్టారు. ఆ ‘కానీ’ నోటి దాకా వచ్చేలోపే తొంభై రెట్లు అన్న అంకె ఎదురొస్తుంది.

ఇంతలోనే మరో ‘కానీ’ తయారవుతుంది: ‘నా జీతం ఎత్తి నన్ను అవమానిస్తున్నాడు.’ తర్వాతి వాక్యాలు సరిగ్గా అక్కడికే వస్తాయి. ఈ విషయం ఆలోచించమని మోకరిల్లి అడుగుతున్నానన్నారు. బాధాకరమైన సత్యాన్ని మనసుకు ఎక్కించడానికే వ్యక్తిగతమైన ఉదాహరణ తీసుకున్నానన్నారు. మనిషిగా మీరంటే ఎంతో గౌరవం, మిమ్మల్ని నొప్పించాలని లేదు, ఆ జీతం మీకు అక్కర్లేదని తెలుసు, బహుశా అంతా దానధర్మాలకే పోతుందేమో అన్నారు. అక్కడితో ఆగి ఉంటే అది క్షమాపణ అయ్యేది. ఆగలేదు. ఇలాంటి ఏర్పాటు చేసిన వ్యవస్థను మాత్రం ఉన్నపళంగా తీసిపారేయాలన్నారు. మనిషిని పక్కకు తప్పించి, దెబ్బను వ్యవస్థ మీద వేశారు. వ్యవస్థను తిట్టడంలో ఇర్విన్‌కు కూడా చోటు మిగిలింది. ఆయన కావాలనుకుంటే ఒప్పుకోవచ్చు, ఒప్పుకున్నంత మాత్రాన తనను తాను దోషి అనుకోనక్కర్లేదు.

అదే పనిముట్టు, చిన్న ఫిర్యాదులో

ఈ పద్ధతి పెద్ద విషయాలకే పనికొస్తుందనుకోకూడదు. నీళ్లు సరిగా రాని ఒక వీధి వాళ్లు మున్సిపల్ ఇంజినీరుకు రాసే ఉత్తరాన్ని ఊహించుకుంటే, అది సాధారణంగా ఇలా ఉంటుంది:

‘మా వీధికి నీళ్లు సరిగా రావడం లేదు. ఎన్నిసార్లు చెప్పినా అధికారులు పట్టించుకోవడం లేదు. ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు. కావున తక్షణమే తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుచున్నాము.’

నాలుగు వాక్యాలూ నాలుగు తలుపులు తెరిచి పెట్టాయి. ‘సరిగా’ అంటే ఎంత? ‘ఎన్నిసార్లు’ అంటే ఎప్పుడెప్పుడు? ‘అధికారులు’ అన్నారు కనుక చదివే ఇంజినీరు కూడా అందులో ఉన్నాడు, ఆయనకు కోపం వచ్చింది. ‘తగు చర్యలు’ ఏమిటో చెప్పలేదు కనుక ఏ చర్యా లేకుండానే ‘తగు చర్యలు తీసుకున్నాం’ అని జవాబు రాయొచ్చు. ఇదే సంగతిని ఇంకోలా రాయవచ్చు:

‘మా వీధికి రోజు విడిచి రోజు 40 నిమిషాలు నీళ్లు వస్తున్నాయి. అంటే రోజుకు 20 నిమిషాలు. ఇదే ట్యాంకు నుంచి పక్క వీధికి రోజూ 2 గంటలు వస్తున్నాయి, మాకంటే 6 రెట్లు. ఈ వరుస మీరు పెట్టింది కాదని, మీరు ఈ ఊరు రాకముందు నుంచీ ఉన్నదని మాకు తెలుసు. మా వీధి మెరకలో ఉందని, ట్యాంకు సగానికి వచ్చాక ఒత్తిడి చాలదని కూడా తెలుసు. అందుకే కొత్త పైపులైను అడగడం లేదు. ట్యాంకు నిండిన వెంటనే మా వీధి వాల్వు ముందు తిప్పి, పక్క వీధికి ఆ తర్వాత వదలమని అడుగుతున్నాం.’

రెండు వీధుల నీళ్లనూ ఒకే కొలతలోకి తేవడం, చదివే మనిషిని నిందలోంచి తప్పించడం, ‘మీ వీధి మెరక కదా’ అన్న అభ్యంతరాన్ని ముందే ఒప్పుకుని దానిలోంచే కోరికను పుట్టించడం, అన్నీ జీతం లెక్కలో చూసినవే. ఒప్పుకున్నదాన్ని కోరికకు ఆధారం చేయడం చాలా గట్టి పట్టు. మెరక సంగతి దాచి ఉంటే దాన్నే ఇంజినీరు జవాబుగా పంపి ఉండేవాడు.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కు అదనంగా ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కారణాలన్నీ ‘అయినందున’, ‘ఉన్న కారణంగా’, ‘కాబట్టి’ అంటూ ఒకే వాక్యంలో గుచ్చితే, ఏం కావాలో చెప్పే మాట ఏడో వరుసలో ఎక్కడో తేలుతుంది. అక్కడికి చేరేసరికి చదివేవాడు మొదటి సగం మరిచిపోతాడు. కారణానికి ఒక వాక్యం, కోరికకు ఒక వాక్యం కేటాయించి, కోరిక ఉన్న వాక్యం పన్నెండు పదిహేను మాటలు దాటకుండా చూసుకుంటే ఈ చిక్కు వదులుతుంది. ‘కోరడమైనది’, ‘తెలియజేయడమైనది’ లాంటి క్రియలు కూడా మానుకోవాలి. ఎవరు కోరారో, ఎవరు చేయాలో అవి చెప్పవు.

ఉప్పు ఎందుకు

అన్ని అన్యాయాల్లోంచి ఉప్పును ఎంచుకోవడం ఉద్యమ వ్యూహంగా అందరికీ తెలిసిందే. రాతలో అది చేసిన పని వేరు. పన్ను అందరి మీదా ఒకేలా పడుతుంది కదా, అందులో అన్యాయమేముంది అన్న వాదన ఒకటి ఉంది. గాంధీ ఆ సమానత్వాన్నే పట్టుకుని, దయలేని నిష్పాక్షికత అన్నారు. పేదవాడూ ధనికుడూ ఒకే రేటు కడతారు, అందుకే భారం పేదవాడి మీద ఎక్కువ. పైగా ఉప్పు ఒక్కటే ధనికుడి కంటే పేదవాడు ఎక్కువగా తినక తప్పని వస్తువు అని కలిపారు. మనిషికి మనిషిని పోల్చినా అంతే, మొత్తంగా చూసినా అంతే అన్నారు. అవతలివాడు రక్షణగా చూపించే మాటను తీసుకుని దాన్నే ఆరోపణగా మార్చడం కష్టమైన విద్య. దానికి ముందు ఆ రక్షణ ఏమిటో నిజాయితీగా అర్థం చేసుకోవాలి.

ఉప్పు గురించి ఆయన రాసింది కొన్ని వాక్యాలే. పన్ను చరిత్ర, చట్టం సెక్షన్లు, వసూళ్ల మొత్తాలు ఏవీ కుమ్మరించలేదు. ఈ గుత్తాధిపత్యానికి ఇంతకాలం ఎలా లొంగి ఉన్నామన్నదే ఆశ్చర్యం అని ఒక్క మాటతో తమనూ కొంచెం తప్పుపట్టుకున్నారు.

మిగిలిన అభ్యంతరాలు

సమావేశం సంగతిని జాబు దాటవేయలేదు. అది పరిష్కారం కాదని సూటిగా చెప్పింది. వాదనతో నమ్మించే విషయం కాదిది, బలాబలాల విషయం అని చెప్పి, అందుకే అహింస అనే బలాన్ని కూడగడుతున్నామంది. ఈ చోట గాంధీ రాజీ పడలేదు. ఒప్పించడమంటే ప్రతి వాక్యాన్నీ మెత్తగా చేయడమని అనుకునేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. సమానుల మధ్య నిజమైన సమావేశానికి దారి తెరవమని అడిగి, సమావేశం అన్న ఆలోచనను ఆయన తన వైపు నుంచి తిరిగి ఇచ్చారు. కాదన్న చోటే ఏది అయితే ఔనంటారో చెప్పారు.

హింస చెలరేగుతుందన్న భయం బలమైనది. 1922లో చౌరీచౌరాలో గుంపు పోలీసు స్టేషన్‌ను తగలబెట్టి పోలీసులను చంపిన తర్వాత ఉద్యమాన్ని ఆపేసింది గాంధీయే. కనుక ‘ఏ ప్రమాదమూ లేదు’ అని రాస్తే ఎవరూ నమ్మరు. ఆయన అలా రాయలేదు. ఇది పిచ్చి సాహసం అనదగ్గ పనేనని తానే అన్నారు. ప్రమాదం లేకుండా సత్యం ఎప్పుడూ గెలవలేదన్నారు. హింసను నమ్మే వర్గం బలపడుతోందని, దాన్నీ పాలకుల వ్యవస్థీకృత హింసనూ నిలువరించగలిగింది అహింస ఒక్కటేనని వాదించారు. ప్రమాదాన్ని ఒప్పుకుని, ఏమీ చేయకపోవడంలో ఉన్న ప్రమాదాన్ని పక్కన పెట్టారు. చదివేవాడు ఇప్పుడు ప్రమాదానికీ భద్రతకూ మధ్య ఎంచుకోవడం లేదు, రెండు ప్రమాదాల మధ్య ఎంచుకుంటున్నాడు.

గడువు, తంతి, మనిషి

చివరి భాగంలో ఐదో ‘కానీ’ వస్తుంది: ఇది బెదిరింపు. ఇది ఏ విధంగానూ బెదిరింపు కాదని, సత్యాగ్రహి తప్పక చేయాల్సిన పవిత్రమైన విధి అని గాంధీ రాశారు. ‘బెదిరించడం లేదు’ అని రాసే ఉత్తరాలు నూటికి తొంభై బెదిరింపులే. ఇక్కడ మాత్రం ఆ మాట నిలుస్తుంది, కారణం పక్కనున్న ఏర్పాట్లు. జరగబోయే నష్టం ఎవరి మీద పడుతుంది? రాసినవాడి మీద. నన్ను అరెస్టు చేసి మీరు దీన్ని ఆపవచ్చని ఆయనే చెప్పారు, తన తర్వాత వేలమంది క్రమశిక్షణతో ఆ పని అందుకుంటారన్న ఆశను కలిపారు. తేదీ చెప్పారు. చేయబోయే పని చెప్పారు. ఏదీ దాచలేదు. బెదిరింపుకు ప్రాణం అస్పష్టత: ‘తర్వాత జరిగే పరిణామాలకు మీరే బాధ్యులు’ అన్న వాక్యంలో పరిణామం ఏమిటో ఉండదు. ఏం జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో, ఎవరు చేస్తారో చెబితే అది ముందస్తు సమాచారం అవుతుంది.

వైస్రాయి వెనక్కి తగ్గడానికి పరువు పోని దారి కూడా చూపించారు. ఈ జాబులో సారం ఉందనిపిస్తే, చర్చించాలనుకుంటే, అందుకోసం దీని ప్రచురణ ఆపమంటారా, అందిన వెంటనే ఒక తంతి (టెలిగ్రాం) కొట్టండి, సంతోషంగా ఆపుతాను అన్నారు. చదివేవాడు చేయాల్సిన మొదటి పని ఎంత చిన్నదో చూడండి. సామ్రాజ్యాన్ని వదులుకోనక్కర్లేదు, ఒక తంతి చాలు. అయితే సారాన్ని ఒప్పుకునే ఉద్దేశం లేకుండా నన్ను దారి మళ్లించే ప్రయత్నం చేయవద్దని వెంటనే గీత గీశారు. ఈ గీత లేకపోతే తంతి వాక్యం కాలయాపనకు ఆహ్వానం అయ్యేది.

నీళ్ల ఉత్తరానికి ఇది అతికితే ఇలా ఉంటుంది: ‘ఒక వారం ఈ వరుసలో వదిలి చూడండి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో 20వ తేదీలోగా ఒక్క మాట రాయండి. ఏ జవాబూ రాకపోతే 21న ఈ ఉత్తరం నకలుతో కమిషనర్‌గారిని కలుస్తాం. ఆ సంగతి మీకు ముందుగా తెలియాలని రాస్తున్నాం.’ ‘వారం చూడండి’ అన్నది తంతి లాంటిది. శాశ్వతంగా మార్చమంటే ఫైలు కదలాలి, వారం చూడమంటే సిబ్బందికి ఒక మాట చెబితే సరిపోతుంది. గడువు మరీ దగ్గరగా పెడితే అవమానంగా తోస్తుంది, నెల దాటితే మరుపులో పడుతుంది. గాంధీ ఇచ్చింది తొమ్మిది రోజులు. ఉన్న గడువును పాటించకపోవడం అన్నింటికంటే పెద్ద తప్పు. 21న ఎవరూ కదలకపోతే తర్వాత రాసే ఏ ఉత్తరానికీ విలువ ఉండదు.

జాబును తపాలాలో వేయలేదు. భారతదేశం పట్ల సానుభూతి, అహింస మీద పూర్తి నమ్మకం ఉన్న ఒక ఇంగ్లీషు యువకుడి చేతికిచ్చి పంపారు, పంపిన కారణాన్నీ జాబులోనే రాశారు. ఆ యువకుడి పేరు రెజినాల్డ్ రేనాల్డ్స్, యుద్ధాన్నీ హింసనూ ఒప్పుకోని క్వేకరు అనే క్రైస్తవ శాఖవాడు. ‘ఇంగ్లీషువాళ్ల మీద ద్వేషం లేదు’ అన్న వాక్యాన్ని కాగితం మీద చదివేముందే వైస్రాయి భవనం దాన్ని మనిషి రూపంలో చూసింది. ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వెళుతుంది, ఎవరెవరు సంతకం చేశారు అన్నవి ఉత్తరంలో భాగమేనని రాసేవాళ్లు తరచూ మరిచిపోతారు.

ఒప్పుకోని పాఠకుడు

ఇర్విన్ ఒప్పుకోలేదు. ఆయన కార్యదర్శి నుంచి పొడిగా ఓ చిన్న జవాబు వచ్చింది: చట్టాన్ని ఉల్లంఘించే, శాంతికి భంగం కలిగించే మార్గాన్ని ఎంచుకుంటున్నందుకు వైస్రాయి విచారిస్తున్నారని. మిత్రమా అని రాసిన జాబుకు మిత్రుడి చేతిరాత రాలేదు, అందులోని ఒక్క లెక్కకూ జవాబు లేదు. మోకరిల్లి రొట్టె అడిగితే తనకు రాయి దొరికిందని గాంధీ అన్నారు. కొడుకు రొట్టె అడిగితే రాయి ఇచ్చే తండ్రి ఉంటాడా అన్న బైబిలు మాటకు ఛాయ అది. ఇర్విన్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. మోకరిల్లడం, రొట్టె, రాయి అన్నీ ఆయన ప్రార్థనాలయంలో వినే మాటలే. చదివేవాడికి పవిత్రమైన మాటలతో మాట్లాడటం గాంధీ తిరస్కారం తర్వాత కూడా మానలేదు.

మరి ఈ జాబును విజయవంతమైన రాత అనడం ఎలా? ఇర్విన్‌తో పాటు దీనికి మరో పాఠకుడున్నాడు. తంతి రాకపోవడంతో గాంధీ నడిపే వారపత్రిక ‘యంగ్ ఇండియా’ మార్చి 12 సంచికలో దాన్ని ప్రచురించింది. అదే రోజు ఉదయం 78 మందితో నడక మొదలైంది. అప్పుడు దేశం చదివింది. జాబు ఎంత మర్యాదగా ఉందో, జవాబు ఎంత పొడిగా ఉందో పక్కపక్కన పెట్టుకుని చదివింది. జాబులో ఒక్క తిట్టు ఉన్నా, ఒక్క అంకె తప్పినా, ఒక్క దాపరికం ఉన్నా వైస్రాయి తిరస్కారానికి ఒక సాకు దొరికేది. సాకు దొరకనివ్వకపోవడం వల్ల తిరస్కారమే సాక్ష్యంగా మారింది.

అందుకే పంపేముందు చేయాల్సిన చివరి పరీక్ష ఒకటి ఉంది. ఉత్తరాన్నీ దానికి రాబోయే ‘కుదరదు’ అన్న జవాబునూ కలిపి, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి చదువుతున్నట్టు ఊహించుకోవాలి. ‘అలా రాస్తే ఇంకేమంటారు?’ అని ఆ మూడో మనిషి ఏ వాక్యం దగ్గర అంటాడో ఆ వాక్యాన్ని కొట్టేయాలి. కొట్టేశాక ఉత్తరం పొట్టిదైపోయిందని బెంగపడనక్కర్లేదు, నీళ్ల ఉత్తరం అర పేజీ దాటదు.